తాతయ్య నాణేల డబ్బా దొరికిందా? ముందు తోమడం ఆపండి

హాయ్ అండీ. పెద్దవాళ్లు పోయాక బీరువా సర్దుతుంటే అడుగున ఒక డబ్బా దొరుకుతుంది. మూత తీస్తే నల్లబడ్డ నాణేలు, వాటితో పాటే రెండు ప్రశ్నలు. అమ్మితే ఎంతొస్తుంది అన్నది అందరూ పైకే అడుగుతారు. అసలు అమ్మొచ్చా అన్నది మాత్రం ఎవరూ నోరు తెరిచి అడగరు. మొదటిదానికి జవాబు దొరికితే రెండోది దానంతట అదే తేలిపోతుందని అనుకుంటాం కదా, తేలదండీ, నేను చూసిన ప్రతి ఇంట్లోనూ గొడవ అక్కడే మొదలైంది.

ముందు ధర సంగతి చూద్దాం. పాతది కాబట్టి ఖరీదైనదే అయ్యుంటుందన్న నమ్మకం వదిలేయండి. నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేలు తవ్వకాల్లో కుప్పలుగా దొరికాయి, అందుకే వాటిలో అరిగిపోయినవి పదిహేడు వందల ఏళ్ల నాటివైనా చవగ్గానే వస్తాయి. పోనీ ఎన్ని ముద్రించారో లెక్క చూద్దామా అంటే అదీ సగం మాటే. అమెరికాలో 1918లో ఒక చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించేశారు, అంటే టంకశాల లెక్కలో ఉన్న నాణేలు భూమ్మీద లేవు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో మిగిలాయి, కావాలనేవాళ్లు ఎంతమంది, ఈ మూడే ధరను తేలుస్తాయి.

వెండిదైతే ఇంట్లోనే ఒక లెక్క వేసుకోవచ్చు. ఆ పాత డాలరు బరువు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి, అంటే 24 గ్రాముల పైచిలుకు. దాన్ని ఆ రోజు రేటుతో గుణిస్తే కరిగిస్తే వచ్చే ధర తెలుస్తుంది, కొనేవాడు తన లాభం చూసుకుని దానికీ కాస్త తగ్గించే అడుగుతాడనుకోండి. అయితే ఏ సంవత్సరమో చూడకుండా లెక్క కట్టకండి. బ్రిటన్ వాడుక నాణేల్లో 1920కి ముందు వెండి 92.5 శాతం, ఆ తర్వాత 50, 1947 నుంచి అసలు లేదు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

ఇక టైటిల్‌లో చెప్పిన విషయం. ఈ వెధవ పని నేనూ చేశాను కాబట్టి చెప్తున్నా. పెద్దగా వాడకంలోకి వెళ్లని నాణేన్ని దీపం కింద పట్టుకుని మెల్లగా వంచితే దాని మీద ఒక వెలుగు చార బండి చక్రం ఆకులా గిర్రున తిరుగుతుంది. అచ్చు కొట్టినప్పుడు లోహం పక్కలకి పాకిన సన్న గీతల వల్ల వచ్చే మెరుపది. నేను టూత్‌పేస్టు పెట్టి రుద్దాను. తళతళలాడింది, మురిసిపోయాను, తర్వాత భూతద్దంలో చూస్తే ఒకే వైపుకి గీతలే గీతలు, ఎంత వంచినా ఆ చార మళ్లీ తిరగలేదు. నాణేల స్థితికి 1 నుంచి 70 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది, 1949లో షెల్డన్ అనే ఆయన మొదలుపెట్టింది, కానీ ఇలా రుద్దిన నాణేనికి మామూలు మార్కులు కూడా వేయరు, ‘శుభ్రం చేసినది’ అని రాసి పక్కన పెడతారు. నలుపును నలుపులాగే ఉండనివ్వండి.

మీ నాణేలకు లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటూ ఫోన్ వస్తే పెట్టేయండి, అంతే.

ఇప్పుడు అసలు చిక్కు. తాతయ్య పాతికేళ్లు జేబులో పెట్టుకుని వేలితో నిమిరి నిమిరి అరగదీసిన నాణెం ఉందనుకోండి, ఆ అరుగుదలే మార్కెట్లో ధర తగ్గిస్తుంది, మీరు దాచుకోవాలనుకునేదీ ఆ అరుగుదలనే. ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్న దానికి మార్కెట్ డబ్బులివ్వదని కాదు, ఈజిప్టు రాజు ఫరూక్ సేకరణను 1954లో వేలం వేస్తే ఆ పేరు తగిలిన నాణేలకు ఇప్పటికీ గిరాకీ ఉంది. మన తాతయ్య ఫరూక్ కాదు కదా!

నా మటుకు నాకు డబ్బా మొత్తం దాచాలన్నా, మొత్తం అమ్మాలన్నా రెండూ తొందరపాటే అనిపిస్తుంది. జ్ఞాపకం డబ్బాలో ఉన్న వందింటికీ ఉండదు, రెండో మూడో నాణేలకు ఉంటుంది. వాటి కథ తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి చీటీ మీద రాసి పక్కన పెట్టండి. మిగతావి ధర కట్టించి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకోండి. అప్పుడు కూడా ఒకే నాణెం ఇద్దరు అడగొచ్చు, దానికి నా దగ్గర లెక్క లేదు.

ఇదిగో, కెమెరా దగ్గర పెడుతున్నా, కనిపిస్తోందా? మా నాన్నమ్మది. మేకుతో తనే బెజ్జం కొట్టింది, సంవత్సరంలో ఆఖరి రెండు అంకెలూ ఎగిరిపోయాయి, పైగా రాజుగారి గడ్డం కింద కొట్టడంతో మెడలో వేసుకున్నన్నాళ్లూ ఆయన తలకిందులుగానే వేలాడాడు. ధర కట్టే ఆయన తూచాడు, వెండి రేటు చెప్పాడు, బెజ్జం వల్ల పోయిన బరువు కూడా తీసేశాడు.