కొత్త మిడ్-సైజ్ బైకు: మొదటి 1,000 కిలోమీటర్లలో ఏది మామూలు, ఏది లోపం?

[దృశ్యం: చల్లగా ఉన్న బండి. తాళం తిరుగుతుంది. మాట లేదు, బండి చప్పుడే.]

తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు సన్నటి రొద. స్టార్ట్ చేసి మొదటి గేరు వేస్తే 'టక్'మని గట్టి చప్పుడు. కాసేపు నడిపి ఆపితే సైలెన్సర్ పైపు దగ్గర టిక్ టిక్, దానితో పాటు కాలిన వాసన. 300 నుంచి 650 సీసీ మధ్య బండి కొత్తగా తీసుకున్నవాళ్లు మొదటి వారంలో కంగారుపడేది ఎక్కువగా ఈ నాలుగింటికే. నాలుగూ మామూలే.

కొత్త చెప్పు కరుస్తుంది. నాలుగు రోజులు నడిస్తే తోలు మెత్తబడి సర్దుకుంటుంది. కానీ లోపల మేకు పొడుచుకొచ్చి కరిచే చెప్పు ఎన్నాళ్లు నడిచినా సర్దుకోదు. కొత్త బండిలోనూ ఈ రెండు రకాలూ ఉంటాయి. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలన్నదే ఈ వీడియో.

ముందు ఆ నాలుగు సంగతులు. రొద ఫ్యూయల్ పంపుది. ఇంజెక్టర్ దాకా పెట్రోలు ఒత్తిడి పెంచుతోంది. అది ఆగాక స్టార్టర్ నొక్కండి. మొదటి గేరు చప్పుడుకి కారణం, చల్లగా ఉన్న ఆయిల్ చిక్కగా ఉండి క్లచ్ ప్లేట్లను కొద్దిగా అంటిపెట్టుకోవడం. లివర్ పూర్తిగా పట్టుకున్నా గేర్‌బాక్స్‌లో ఒక షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక ఈ చప్పుడు తగ్గాలి. టిక్ టిక్ అనేది వేడికి వ్యాకోచించిన పైపు చల్లారుతూ ముడుచుకునే శబ్దం. వాసన ఫ్యాక్టరీలో పైపు మీద మిగిలిన నూనె, పూతలది. కొన్ని రైడ్లకు పోతుంది. ఇంజన్ దగ్గర స్టీలు పైపు ముందు బంగారు రంగుకి, తర్వాత నీలానికి తిరిగితే అది వేడికి ఏర్పడిన ఆక్సైడ్ పొర. దాన్ని రుద్ది పోగొట్టాలని చూడొద్దు.

పెట్రోలు వాసన, ఇంజన్ కింద నేల మీద చుక్క, వేడెక్కిన తర్వాత కూడా ఆగని తీపి వాసన గల తెల్లటి పొగ... ఇవి మేకులు. రెండో రోజుకి తగ్గుతుందేమోనని ఆగొద్దు.

[దృశ్యం: సిలిండర్ లోపలి గోడ, దగ్గరగా. అడ్డదిడ్డంగా సన్నని గీతలు.]

రన్-ఇన్ (కొత్త ఇంజన్ భాగాలు సర్దుకునే దాకా జాగ్రత్తగా నడపడం) గురించి ఒకరు మెల్లగా నడపమంటారు, ఒకరు గట్టిగా లాగమంటారు. ఈ గీతలు చూడండి. సిలిండర్ గోడ మీద కావాలనే గీస్తారు. పిస్టన్ రింగు వీటికి ఒరుసుకుని, గోడకు సరిగ్గా సరిపోయేలా తయారవ్వాలి. రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు బిగువు ఒక్కటే కాదు. మండిన గ్యాసు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది. అంటే ఇంజన్‌కి కొంత బరువు పడాలి. ఒకే వేగంలో గంటల తరబడి మెల్లగా పోతే రింగులు సరిగ్గా కూర్చోవు. రెడ్‌లైన్ (మీటరు మీద ఎర్రగీత, ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగం) దాకా లాగితే ఒరిపిడి వేడి మితిమీరుతుంది. అందుకే మాన్యువల్‌లో ఉన్న ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) పరిమితి దాటకుండా, ఆ పరిమితి లోపల ఆర్‌పీఎం మారుస్తూ, మధ్యస్థంగా లాగుతూ వదులుతూ నడపాలి. కొన్ని కంపెనీలు ఈ జాగ్రత్త 1,000 కిలోమీటర్ల దాకా అంటాయి, కొన్ని 1,600 దాకా.

ఎక్కువమంది చేసే తప్పు గట్టిగా లాగడం కాదు. పై గేరులో ఆర్‌పీఎం బాగా పడిపోయినా కిందికి దించకుండా యాక్సిలరేటర్ తిప్పడం. ఇంజన్ కొట్టుకుంటూ గుంజుతుంది. ఆయిల్ ఒత్తిడి తక్కువ, బేరింగుల మీద బరువు ఎక్కువ. కొత్త ఇంజన్‌కి రెడ్‌లైన్ ఎంత చెడ్డదో ఇదీ అంతే చెడ్డది. పొద్దున్నే స్టాండు మీద పది నిమిషాలు ఐడిల్‌లో వేడిచేయడం కూడా మానండి. అర నిమిషం చాలు, తర్వాత నడుపుతూనే వేడెక్కనివ్వండి.

ఇక వణుకు. మిడ్-సైజ్ బండ్ల మీద తరచూ వచ్చే ఫిర్యాదు ఇది. పిస్టన్ కదలిక వల్ల పుట్టే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 3,000 దగ్గర ఉన్నది 6,000కి వెళ్తే నాలుగు రెట్లు. బ్యాలెన్సర్ షాఫ్టు (ఈ వణుకుకి ఎదురుగా తిరిగే బరువు) అందులో కొంత భాగాన్నే మింగుతుంది. మిగిలింది ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర హ్యాండిల్‌కో ఫుట్‌రెస్ట్‌కో సహజమైన కంపనంతో కలిసి పెద్దదవుతుంది. ఇంజన్ అరిగి సర్దుకున్నాక ఇది కాస్త మెత్తబడొచ్చు గానీ పూర్తిగా పోదు. అది ఆ బండి స్వభావం. కొనకముందు టెస్ట్ రైడ్‌లోనే చూసుకోవాల్సిన విషయం.

అయితే ఆ వణుకు నిజంగా ఇంజన్‌దేనా? ఒకే వేగం పెట్టుకుని గేరు మార్చండి. వణుకు మారితే ఇంజన్‌ది. మారకపోతే, క్లచ్ పట్టుకుని బండిని దొర్లనిచ్చినా అలాగే ఉంటే, అది చక్రానిది. టైరు రిమ్ములో సమంగా కూర్చోకపోవడం, వీల్ బ్యాలెన్స్, లేదా చైన్. ఒకవైపు అద్దం మాత్రమే వణికితే ఆ అద్దం నట్టే చూడండి. మొదటి 500 కిలోమీటర్లలో అద్దాలు, నంబర్ ప్లేటు, లెగ్ గార్డు బోల్టులు వదులవడం సాధారణం. హ్యాండిల్ క్లాంపు, యాక్సిల్, కాలిపర్ బోల్టుల్ని మాత్రం చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) బిగించాలి.

ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరకడం లేదంటే, గేర్‌బాక్స్‌ని తిట్టేముందు క్లచ్ లివర్ చూడండి. కొత్త కేబుల్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుని వదులవుతుంది. చాలా బండ్లలో లివర్ కొన దగ్గర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే (క్లచ్ కదలకముందు లివర్ ఊరికే కదిలే దూరం) ఉండాలి. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా వదలదు, న్యూట్రల్ దొరకదు. అసలు లేకపోతే క్లచ్ జారుతుంది. పై గేరులో ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. సర్దాక హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి, ఫ్రీ ప్లే మారలేదని చూసుకోండి.

[దృశ్యం: స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) మీద స్టిక్కరు. చైన్ కింది వరస మధ్యలో వేలు, పక్కన స్కేలు.]

ఇప్పుడు చైన్. కొత్త బండిలో అందరూ వదిలేసేది, బండి తీరును అన్నింటికంటే ఎక్కువగా మార్చేది ఇదే. లాగినప్పుడు వదిలినప్పుడు కుదుపు, తక్కువ వేగంలో గుంజుడు చూసి 'ఫ్యూయలింగ్ బాలేదు' అనేస్తారు. చాలాసార్లు అది వదులైన చైన్.

కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంచెం సాగుతుంది. ఎంత స్లాక్ (చైన్ మధ్యలో పైకీ కిందికీ కదిలే దూరం) ఉండాలో స్వింగ్‌ఆర్మ్ స్టిక్కరు మీద ఉంటుంది. రోడ్డు బండ్లకు తరచుగా 25 నుంచి 35 మిల్లీమీటర్లు. సస్పెన్షన్ ఎక్కువ కదిలే అడ్వెంచర్ బండ్లకు ఇంకా ఎక్కువ. సైడ్ స్టాండు మీద కొలవాలా, నిటారుగా నిలబెట్టి కొలవాలా అన్నది కూడా అక్కడో మాన్యువల్‌లోనో చూసుకోండి. పద్ధతి మారితే కొలత మారుతుంది. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, బిగుతుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోండి.

బిగించాలంటే యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండువైపులా అడ్జస్టర్లను సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. గుర్తులు రెండువైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. చక్రాన్ని ముందుకు నెట్టి పట్టుకుని నట్టు టార్క్‌కి బిగించి, మళ్లీ కొలవండి. నట్టు బిగించేటప్పుడు స్లాక్ మారిపోతుంటుంది, ఈ రెండో కొలత మానొద్దు.

అనుమానం ఉంటే కాస్త వదులు వైపే ఉండనివ్వండి. ముందు స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ కీలు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతవుతుంది. వెనక మనిషితో గుంతలో పడినప్పుడు జరిగేది అదే. అప్పటికే బిగుతుగా ఉన్న చైన్ గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్టు బేరింగునే లాగేస్తుంది.

ప్రతి 500 కిలోమీటర్లకీ, వానలో నడిపాక వెంటనే లూబ్ చేయండి. ఓ-రింగ్ చైన్‌ని కిరోసిన్, మెత్తటి బ్రష్షుతో తుడవొచ్చు. పెట్రోలు, వైరు బ్రష్షు వద్దు. రింగు పాడైతే లోపలి గ్రీజు పోతుంది, దాన్ని మళ్లీ నింపలేం. లూబ్‌ను కింది వరస లోపలివైపు కొట్టండి. తిరుగుతుంటే అదే బయటికి వస్తుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజన్ నడుస్తూ గేరులో ఉండగా చైన్ దగ్గరికి చెయ్యి పెడితే వేళ్లు పోతాయి.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు బాగా వాల్చకండి. గాలి చల్లటి టైర్లలోనే కొలవండి. బ్రేకులకైతే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి 20 దాకా ఎనిమిది పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ తగ్గించండి. పూర్తిగా ఆగి లివర్ పట్టుకుని ఉండొద్దు, వేడి ప్యాడ్ డిస్కు మీద ఒకేచోట మచ్చ పెడుతుంది. మొదట్లో బ్రేకు మొద్దుగా అనిపించడం కొత్తదనం. లివర్ స్పాంజిలా దిగి, రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడితే మాత్రం లైనులో గాలి ఉన్నట్టు. అలా నడపొద్దు.

సస్పెన్షన్ గట్టిగా ఉందన్న తీర్పు 1,000 కిలోమీటర్ల దాకా ఆపండి. సీళ్లు, బుష్‌లు సర్దుకున్నాక కదలిక మెరుగవుతుంది. ఈలోగా శాగ్, అంటే మీరు కూర్చుంటే సస్పెన్షన్ ఎంత దిగుతుందో, కొలవండి. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి తోక మీద ఒక గుర్తు దాకా దూరం, తర్వాత చక్రం నేల మీద ఉండి మీరు కూర్చున్నప్పుడు అదే దూరం. తేడా మొత్తం ట్రావెల్‌లో మూడో వంతుకు దగ్గరగా ఉండాలి. ట్రావెల్, అంటే సస్పెన్షన్ కదలగల మొత్తం దూరం, 120 మిల్లీమీటర్లు ఉంటే 40కి అటూఇటూ. శాగ్ సర్దడానికి మార్చేది ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచామన్నది. అది స్ప్రింగును గట్టిపరచదు, బండి ఎత్తునే మారుస్తుంది. మార్చాక హెడ్‌లైట్ ఎక్కడ పడుతోందో కూడా చూడండి.

మైలేజీ లెక్క మొదటి ట్యాంకుతో తేల్చకండి. ఫుల్ నుంచి ఫుల్‌కి, మూడు ట్యాంకుల సగటు తీయండి.

[దృశ్యం: డ్రెయిన్ అవుతున్న ఆయిల్, కింద ట్రే.]

మొదటి సర్వీసు. కంపెనీని బట్టి 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య. దీన్ని వాయిదా వేయకండి, ఒరుసుకున్న లోహమంతా ఈ ఆయిల్‌లోనే ఉంది. మెటాలిక్ పెయింటులాంటి సన్నటి మెరుపు మామూలే. చేతికి తగిలే ముక్కలు మామూలు కాదు. ఫిల్టరు, డ్రెయిన్ వాషరు కొత్తవి వేయాలి. మాన్యువల్‌లో ఆయిల్ పరిమాణాలు రెండో మూడో ఉంటాయి: ఆయిల్ మాత్రమే మార్చితే, ఫిల్టరుతో మార్చితే, ఇంజన్ పూర్తిగా విప్పితే. మూడోది చూసి పోస్తే ఎక్కువై ఎయిర్ బాక్సులోకి పోతుంది. గ్రేడుతోపాటు డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్ బైకు క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు) ఉందో లేదో చూడండి. ఘర్షణ తగ్గించే కారు ఆయిల్ పోస్తే ఆయిల్‌లోనే తిరిగే క్లచ్ జారుతుంది.

ఫిర్యాదును 'శబ్దం వస్తోంది' అని రాయించకండి. 'ఇంజన్ వేడెక్కాక, మూడో గేరులో, 4,000 నుంచి 4,500 మధ్య, యాక్సిలరేటర్ వదిలినప్పుడు' అని రాయించండి. మెకానిక్‌కి వెతకడానికి చోటు దొరుకుతుంది. బండి తీసుకునేటప్పుడు చైన్ స్లాక్, టైర్లలో గాలి, ఆయిల్ లెవెల్ అక్కడే చూసుకోండి. లెవెల్‌ని ఇంజన్ ఆపి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, బండి నిటారుగా పెట్టి చూడాలి. ఇంటికొచ్చాక, పైపు చల్లారాక డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు చుట్టూ పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. మర్నాడు రైడ్ అయ్యాక ఇంజన్ చల్లారనిచ్చి మళ్లీ తుడవండి. గుడ్డకి తడి అంటకూడదు.