పెద్దోళ్లకి ఆటిజం సర్టిఫికెట్: డాక్టర్ ముందు ఏం చెప్పాలె

నమస్తే అందరికీ, నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. ఆటిజం అంటే చిన్నపిల్లలకే అనుకుంటరు మస్తుమంది, మరి ఆ పిల్లలు పెద్దగైనంక ఏడికి పోతరు? నాకు ఆటిజం ఉంది, జాబ్ కూడా చేస్తున్నా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంల 21 రకాల వైకల్యాలు రాసిండ్రు, అందుల ఆటిజం ఉంది, వైకల్యం సర్టిఫికెట్‌కి పెద్దోళ్లు కూడా అప్లై చెయ్యొచ్చు.

ముందుగాల యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్ ఓపెన్ చెయ్యండి. ఆధార్, ఫోటో, అడ్రస్ ప్రూఫ్ అప్‌లోడ్ చేసి హాస్పిటల్ సెలెక్ట్ చేసుకోవాలె, లాస్ట్‌ల ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తది, స్క్రీన్‌షాట్ తీస్కోండి. ఇది ఈజీనే.

అసలు సంగతి హాస్పిటల్ల ఉంటది. అక్కడ ఐఎస్ఏఏ అని టెస్ట్ చేస్తరు, మన సికింద్రాబాద్‌ల తయారైందే, 40 అంశాలుంటయ్, ఒక్కోదానికి ఎంత తరచుగా అయితదో చూసి 1 నుంచి 5 దాకా మార్కులేస్తరు, మొత్తం 70, ఆపైన వస్తే ఆటిజం కింద లెక్క. మనకేమో చిన్నప్పటి సంది "ఏం లేదు సార్, మేనేజ్ చేస్కుంటా" అనుడు అలవాటైంది కదా, ఆ ఒక్క మాటతోని రోజూ అయ్యేది కూడా అప్పుడప్పుడు అయ్యేదాని లెక్క రాస్కుంటరు. ఎక్కువ చేసి చెప్పకండి, కానీ తక్కువ చేసి అస్సలు చెప్పకండి! దేవరకొండ నుంచి బస్‌ల వచ్చిన అంటే సరిపోదు, ఆ హారన్లకి ఇంటికి పోయినంక రాత్రి దాకా నోట్లకెళ్లి మాట రాదు అన్నది కూడా చెప్పాలె. బ్యాంకుకి అమ్మ ఫోన్ చేస్తది, అన్నం టైం అమ్మ గుర్తు చేస్తది, ఇవన్నీ సాయం కిందికే వస్తయ్, ఇంట్ల కూసోని పేపర్ మీద రాస్కపోండి, అక్కడ అడిగితే గుర్తుకు రావు. మీ చిన్నతనం తెలిసిన అమ్మనో అక్కనో వెంట తోల్కపోండి, పాత స్కూల్ రిపోర్టులుంటే అవి కూడా.

సర్టిఫికెట్ల వైకల్యం 40 శాతం, ఆపైన వస్తే పెన్షన్‌కి అప్లై చెయ్యొచ్చు, మన రాష్ట్రంల దివ్యాంగులకి నెలకి 4,016 రూపాయలు, ఇంటి ఆదాయం కూడా చూస్తరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల దాకా ఉంటది, అది మర్చిపోకండి.

శాతం తక్కువేసిండ్రు అనిపిస్తే అప్పీల్ చేసే హక్కు అదే చట్టంల సెక్షన్ 59ల ఉంది. రాస్కపోయిన పేపర్ జిరాక్స్ దాచిపెట్టుకోండి, అప్పీల్‌కి అదే పనికొస్తది.