చోక్ తీస్తే ఆగిపోతున్న పాత ఏటీవీ: ఫోన్-ఇన్ కార్యక్రమం

నిర్వాహకురాలు: లైన్లో ఒక శ్రోత ఉన్నారు. నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. అన్నా, నాది 2003 మోడల్ ఏటీవీ, అదే, గతుకుల నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి. ఎనిమిది నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్టవుతుంది, తీసెయ్యగానే ఆగిపోతుంది. ప్లగ్, కాయిల్ మార్చాను, బ్యాటరీ కొత్తది వేశాను. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ కూడా శుభ్రం చేశాను. ఏం లాభం లేదు.

మెకానిక్: తమ్ముడూ, రోగమేంటో బండే చెప్తోంది. చోక్ వేసినప్పుడు ఇంజిన్‌కి గాలికి తగ్గ దానికంటే పెట్రోల్ ఎక్కువ అందుతుంది. అలా ఉంటేనే నడుస్తోందంటే, మామూలప్పుడు పెట్రోల్ చాలట్లేదనే. ప్లగ్, కాయిల్ జోలికి పోవాల్సిన పనే లేదు. సరే, కార్బురేటర్ ఎలా శుభ్రం చేశావు?

శ్రోత: కింద పెట్రోల్ నిలిచే గిన్నె, అదే బౌల్ విప్పి, స్ప్రే కొట్టి తుడిచానన్నా.

మెకానిక్: జెట్లు, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు, బయటికి తీశావా?

శ్రోత: లేదన్నా.

మెకానిక్: అక్కడే ఆగిపోయావు. పెట్రోల్ నిలవుంటే ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. ఐడ్లింగ్‌కి, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడవడానికి, పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. ముందు అదే మూసుకుపోతుంది. దాన్ని విప్పాల్సిందే. గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడు, ఇత్తడి మెత్తన, జారితే గాడి పోతుంది. వెలుతురుకు ఎత్తి చూడు, గుండ్రంగా చుక్క వెలుగు కనిపించాలి. ఇనప తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. కరెంటు వైరులోని సన్నని రాగి పోగు చాలు. గాలీ పెట్రోలూ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ తీసేముందు, నెమ్మదిగా బిగించి ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకో. మళ్లీ అన్నే చుట్లు వదులు చెయ్యాలి. దాని కింద స్ప్రింగు, వాషరు, చిన్న రబ్బరు రింగు ఉంటాయి, పారేసుకోకు. ఇంజిన్ ఆయిల్ చూశావా?

శ్రోత: చూశానన్నా, పై గీత కూడా దాటి ఉంది. బండి ఆయిల్ తాగట్లేదని సంతోషించాను.

మెకానిక్: నువ్వేమైనా పోశావా?

శ్రోత: లేదన్నా.

మెకానిక్: మరి ఎలా పెరిగింది? బండి దగ్గరే ఉన్నావా? ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ తీసి వాసన చూడు.

శ్రోత: ఒక్క నిమిషమన్నా... పెట్రోల్ వాసనొస్తోంది.

మెకానిక్: ఇంక స్టార్ట్ చెయ్యొద్దు. ఒక్కసారి కూడా. ముందు ట్యాంకు కింది కుళాయి, అదే పెట్రోల్ కాక్ మూసెయ్. బౌల్ నిండాక పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోక, ట్యాంకులోది బౌల్ నిండి ఇంజిన్లోకి దిగుతోంది. పల్చబడిన ఆయిల్‌తో తిప్పితే బేరింగులు, పిస్టన్ పాడవుతాయి. నాకు నీ ఐడ్లింగ్ కంటే ఇదే భయంగా ఉంది.

శ్రోత: ఇప్పుడేం చెయ్యాలన్నా?

మెకానిక్: బండిని ఆరుబయటికి తొయ్యి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్. నీడిల్ కొన చుట్టూ గీత పడి ఉంటే కొత్తది వెయ్యి. అది కూర్చునే చోటు కూడా శుభ్రం చెయ్యి. బిగించాక కాక్ తెరిచి, స్టార్ట్ చెయ్యకుండా పది నిమిషాలు ఆగు. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి చుక్క పడకూడదు. నీ బండికి ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే వ్యాక్యూమ్ కాక్ ఉంటే, దాని సన్న గొట్టం ఊడదీసి చూడు, లోపల పెట్రోల్ తడి ఉంటే పొర చిరిగిందన్నమాట. అదీ మార్చాలి. ఇవన్నీ అయ్యాకే ఆయిల్, ఫిల్టర్ మార్చు.

శ్రోత: చుక్క పడకపోతే స్టార్ట్ చెయ్యొచ్చా అన్నా?

మెకానిక్: కొత్త ఆయిల్ పోశాక చెయ్యి. మర్నాడు లెవెల్ మళ్లీ చూడు. పెరగకపోతే నిశ్చింతగా నడుపుకో. బండి ఆపిన ప్రతిసారీ కాక్ మూసేసే అలవాటు చేసుకో.

నిర్వాహకురాలు: ఇంకో కాల్ తీసుకుందాం. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండీ. మా ఏటీవీ ఎగిరెగిరి పడుతోంది, ఒక పక్కకి లాగుతోంది. బైక్ టైర్లకు పెట్టినంత గాలే పెట్టాం.

మెకానిక్: అదేనమ్మా కారణం. చాలా ఏటీవీ టైర్లకు 3 నుంచి 7 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు, మీ బండికి ఎంతో మాన్యువల్‌లోనో బండి మీది స్టిక్కర్‌లోనో రాసి ఉంటుంది. మామూలు గేజ్ అంత తక్కువ కొలవలేదు, తక్కువ ప్రెషర్ గేజ్ తెచ్చుకోండి. గాలి తగ్గించాక కూడా లాగితే, ముందు చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టకటకమంటే బేరింగో బాల్ జాయింటో అరిగింది, అది మార్చేదాకా బండి ఎవరికీ ఇవ్వకండి.