పాత పైపును పారవేయకముందు

గౌరవనీయులైన రైతులకు, ట్రాక్టరు యజమానులకు, ముఖ్యంగా రోజంతా బండి మీద ఉండి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన డ్రైవరు సోదరులకు నమస్కారం.

ఏరువాక దగ్గరపడింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ గోదావరి డెల్టాలో ఊరంతా ఒకే కాలువ నీటి కోసం ఎదురుచూసి, నీరు అందగానే అందరూ కలిసి చేలలో దిగడం మన వ్యవసాయపు తీరు. అందుచేత సార్వా దమ్ములు, అంటే తొలకరి వరి నాట్లకు మడిని బురదగా దున్నే పనులు, సాగే ఆ కొద్ది వారాలలో ఒక్క బండి ఆగినా దాని వెనుక వరుసలో ఉన్న పది చేలు ఆగుతాయి. ఆ తొందరలో ట్రాక్టరు లిఫ్టుకు ఒత్తిడితో ఆయిల్ అందించే హైడ్రాలిక్ పైపు తెగితే సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగ బిగించడం, లేదా దుకాణంలో చేతికి దొరికిన పైపు తెచ్చి తగిలించడం మనం తరచుగా చూస్తున్నాము. పైపు మార్చడం పెద్ద విద్య కాదు. అయితే పాతది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే ఆ పని సగమే పూర్తయినట్లు. ఈ రోజు నేను చెప్పదలచినది అదే.

నేను మెకానిక్‌గా పని నేర్చుకుంటున్న రోజులలో రాజోలు వైపు ఒక ట్రాక్టరుకు ఒకే సార్వాలో మూడుసార్లు అదే పైపు మార్చాను. ప్రతిసారీ పాత ముక్కను గట్టు మీదకు విసిరివేసి కొత్తది బిగించానే తప్ప, ఒక్కసారైనా దానిని పరీక్షగా చూడలేదు. మూడోసారి ఆ చేను యజమాని, పెద్దాయన, ఆ ముక్కలు మూడూ ఏరి తెచ్చి నా ముందు వరుసగా పెట్టి, "మూడూ ఒకే చోట అరిగాయి చూడరా అబ్బాయీ" అన్నారు. గేరుబాక్సు పక్కన వంగిపోయిన ఒక ఇనుప పట్టీ అంచు మీద ఆ పైపు ఒరుసుకుంటూ ఉంది. ఆ పట్టీని సుత్తితో సరిచేయడానికి పట్టిన సమయం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల పని ముందే చేయనందుకు ఆయన నాట్లు ఆలస్యమయ్యాయి. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందుగా ఈ పైపులోని ఒత్తిడిని గురించి చెప్పాలి. వెనుక టైరులో మనం నింపే గాలి చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. లిఫ్టు బరువును ఎత్తుతున్నప్పుడు పైపులోని ఆయిల్ ఒత్తిడి 2,000 పౌండ్లు దాటవచ్చు. గట్టు దగ్గర మలుపు తిరిగిన ప్రతిసారీ డ్రైవరు బండి వెనుక మట్టిని కలియదున్నే రోటవేటరును లేపి దించుతాడు. ఒక్క రోజులో ఆ పైపు ఎన్ని వందల సార్లు బిగుసుకుని వదులవుతుందో మీరే లెక్క వేసుకోండి.

అంత ఒత్తిడి ఉన్న పైపుకు సూదిమొన అంత రంధ్రం పడితే, అందులోంచి వచ్చే ఆయిల్ ధార చేతి తొడుగును, చర్మాన్ని దాటి లోపలికి దిగగలదు. పైకి చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది. మొదట నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం ఆయిల్ కండరాల పొరల మధ్య పాకి కండను చంపుతుంది. కొద్ది గంటలలో శస్త్రచికిత్స జరగకపోతే వేలినో చేతినో కోల్పోయే ప్రమాదం ఉంది. కాబట్టి కారుతున్న చోటును వేలితో తడిమి వెదకవద్దు. దూరం నుంచి అట్టముక్కను అడ్డుపెట్టి చూడండి. ధార ఉంటే అట్ట మీద తడి పడుతుంది. ఎవరికైనా అటువంటి గాయమైతే చిన్నదని వదిలివేయకుండా, శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లి, ఒత్తిడిలో ఉన్న ఆయిల్ లోపలికి పోయిందని వైద్యునికి స్పష్టంగా చెప్పండి. మీరు ఇంకేది మరచిపోయినా ఈ మాట మరచిపోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

వీలైతే బండిని చేలో నుంచి గట్టి నేల మీదకు తీసుకురండి. నీరు పెట్టిన మడిలో ఆయిల్ ఒలికితే అది నీటి మీద పొరలా పరుచుకుంటుంది. రోటవేటరును పూర్తిగా నేలకు దించి, ఇంజను ఆపి, లిఫ్టు మీటను నాలుగైదు సార్లు పైకీ కిందికీ కదిలించండి. పైపులో మిగిలిన ఒత్తిడి అప్పుడు దిగిపోతుంది. ఎత్తి ఉన్న ట్రాక్టరు ట్రక్కు (ట్రాలీ) కింద, గట్టి దన్ను లేకుండా, ఎంత అవసరమైనా తల పెట్టకూడదు. అప్పటిదాకా పనిచేసిన బండి అయితే ఆయిల్ చల్లబడేవరకు ఆగాలి. పైపు విప్పేముందు దాని చుట్టూ ఉన్న బురదను కడిగి తుడవండి, ఎందుకంటే మన నల్లరేగడి మట్టి చిటికెడు లోపలికి పోయినా పంపునూ వాల్వునూ గీరుతుంది. విప్పిన వెంటనే రెండు కొనలకూ శుభ్రమైన మూతలు పెట్టండి.

ఇప్పుడు విప్పిన ఆ పైపును చేతిలోకి తీసుకోండి. ఒకే పక్క పైరబ్బరు అరిగి లోపలి ఉక్కు తీగలు మెరుస్తుంటే అది ఒరిపిడి. దేనికి ఒరుసుకుందో బండి మీద ఆ చోటు దొరికి తీరుతుంది. దమ్ము చక్రాలు ఎగజిమ్మిన బురద పైపుల మధ్య ఎండిపోయి గరుకు కాగితంలా పనిచేయడం కూడా మన ప్రాంతంలో మామూలే. తీగలు మెరవకుండా తుప్పు పట్టి తెగి ఉంటే, పైరబ్బరు ఎప్పుడో చిట్లి నీరు లోపలికి చేరిందన్నమాట. సముద్రానికి దగ్గరగా ఉప్పునీరు తగిలే చేలలో తిరిగే బండ్లకు ఈ జబ్బు త్వరగా వస్తుంది. రబ్బరు కట్టెలా బిగుసుకుని వంచితే పగుళ్లు కనిపిస్తే అది వేడి వల్ల జరిగింది. సైలెన్సరుకు పైపు ఎంత దగ్గరగా ఉందో చూడండి, ఆయిల్ మట్టమూ చూడండి. పైపు కొనకు ఉండే ఇనుప బిగింపు, అంటే ఫిట్టింగు, దాని మెడ దగ్గరే చిట్లితే అక్కడ వంపు మరీ బిగువుగా ఉందని అర్థం. పైపు మీది అక్షరాల గీత చుట్టలు తిరిగి ఉంటే బిగించినవారు దానిని మెలిపెట్టారని అర్థం. ఫిట్టింగు నుంచి పైపు మొత్తంగా ఊడివస్తే పైపు కొనకు ఫిట్టింగును బిగించిన యంత్రం దగ్గరే తప్పు జరిగింది. ఉక్కు గొట్టమైతే అది సాధారణంగా క్లాంపు ఊడిపోయి అదిరి, నట్టు దగ్గర చిట్లుతుంది. ఆ చోట వెల్డింగు పెట్టించి మళ్లీ వాడటానికి నేను ఒప్పుకోను. క్లాంపుతో సహా కొత్త గొట్టమే వేయించండి.

కొత్త పైపు కోసం వెళ్లేటప్పుడు పాతదానిని వెంట తీసుకువెళ్లండి. దాని మీద లోపలి వ్యాసం, రకం అచ్చువేసి ఉంటాయి. ఆర్1 అంటే ఒక వరుస ఉక్కు తీగ అల్లిక, ఆర్2 అంటే రెండు వరుసలు. 3/8 అంగుళం పైపు ఆర్1 అయితే సుమారు 180 బార్, ఆర్2 అయితే సుమారు 330 బార్ పని ఒత్తిడికి తగినది (ఒక బార్ అంటే చదరపు అంగుళానికి సుమారు 14.5 పౌండ్లు). పాతది ఆర్2 అయితే ధర తక్కువని ఆర్1 తీసుకోవద్దు.

మరలను మాత్రం చాలా జాగ్రత్తగా చూడాలి. 3/8 బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణపు పైపు మర) వెలుపలి కొలత 16.66 మిల్లీమీటర్లు. దానికి దగ్గరగా 16 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉంది. బీఎస్‌పీ నట్టులో ఈ మెట్రిక్ మర వదులుగా ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టినట్లే అనిపిస్తుంది, కానీ మరల మధ్య దూరం వేరు కనుక ఒత్తిడి రాగానే ఊడిపోవచ్చు. చేత్తో సాఫీగా చివరిదాకా తిరగని నట్టును పానాతో బలవంతం చేయకండి.

పొడవు కూడా సరిపోవాలి. ఒత్తిడిలో పైపు కొంచెం పొట్టిది కావచ్చు కాబట్టి తాడులా లాగి బిగించకూడదు. 3/8 పైపును 5 అంగుళాల వ్యాసార్ధం కన్నా బిగువుగా వంచకూడదు. బిగించేటప్పుడు రెండు పానాలు వాడి, ఒకదానితో పైపు కొనను కదలకుండా పట్టి, రెండోదానితో నట్టును తిప్పండి. పైపు మీది అక్షరాల గీత మెలిక లేకుండా తిన్నగా ఉందో లేదో చూడండి. రాగి వాషర్లు కొత్తవి వేయండి. కోను మీద కూర్చునే ఫిట్టింగులకు టేపు చుట్టడం అనవసరం, దాని పీలికలు వాల్వులోకి పోతాయి.

ఆ తరువాత ట్రాక్టరు పుస్తకంలో చెప్పిన ఆయిల్ నింపి, ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, బరువు లేకుండా లిఫ్టును పలుమార్లు లేపి దించండి. లోపలి గాలి పోయేవరకు లిఫ్టు కొంచెం కుదుపుతుంది. ఆయిల్ మట్టం తగ్గితే మళ్లీ నింపండి. ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే అందులో నీరు కలిసినట్లు. దానిని మార్చకుండా బండిని చేలోకి దించవద్దు. మొదటి రోజు దమ్ము ముగిశాక ఇంజను ఆపి, మీట కదిలించిన తరువాతనే పైపును కడిగి, పొడిగుడ్డతో తుడిచి చూడండి.

ఈ బల్ల మీద ఆరు పాత పైపులు ఉంచాను, అన్నీ మన చుట్టుపక్కల బండ్లవే. ఇప్పుడు ఒక్కొక్కరుగా వచ్చి వాటిని చేతిలోకి తీసుకుని, ఏది ఎందుకు పోయిందో నాకు చెప్పండి.