మెడికల్‌కు ముందు బరువు తగ్గడం: మా తమ్ముడితో నెల్లూరులో

నమస్కారం అండి. ఈసారి వీడియో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ నుంచి కాదు, నెల్లూరు నుంచి మైపాడు సముద్రతీరానికి వెళ్లే దారిలో ఉన్న మా ఇందుకూరుపేట వైపు పల్లె నుంచి. సెలవు మీద పుట్టింటికి వచ్చాను. మీకు కనిపిస్తున్న ఈ ఇల్లు మా చిన్నాన్నగారిది, అరుగు మీద కూర్చున్నది వారి అబ్బాయి, నాకు తమ్ముడు. కువైట్‌లో ఒక చమురు కంపెనీకి పనులు చేసిపెట్టే కాంట్రాక్టరు దగ్గర అతనికి ఎలక్ట్రీషియన్ ఉద్యోగం ఖాయమైంది. ఇక మిగిలింది చెన్నైలో మెడికల్, అంటే ఉద్యోగానికి పంపేముందు చేసే ఆరోగ్య పరీక్ష. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. నేను బ్యాగు దించకముందే అతను అడిగిన మాట ఇది: “అక్కా, నెల లోపల 15 కిలోలు తగ్గాల, లేకపోతే అన్‌ఫిట్ చేస్తారంట. ఎట్టా తగ్గేది?”

ఈ ప్రశ్న మా తమ్ముడి ఒక్కడిది కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే కుర్రవాళ్లలో చాలామంది మెడికల్ తేదీ దగ్గర పడిన తరువాతనే బరువు గురించి ఆలోచించడం మొదలుపెడతారు. అబెర్డీన్‌లో నేను ఆక్యుపేషనల్ హెల్త్ నర్సుగా పనిచేస్తున్నాను. ఉత్తర సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాలకు హెలికాప్టర్‌లో వెళ్లే పనివాళ్లకు బరువు తూయడం, బీపీ చూడడం, మూత్రం, రక్తం నమూనాలు తీసుకోవడం నా రోజువారీ పని. అందుకని ఈ విషయం గురించి కొంచెం వివరంగా, నిదానంగా మాట్లాడాలని ఈ వీడియో చేస్తున్నాను.

ముందు ఆ 15 కిలోల లెక్క చూద్దాం. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. 15 కిలోల కొవ్వు నెల రోజుల్లో కరగాలంటే రోజుకు 3,850 కేలరీలు లోటు పడాలి. తమ్ముడి లాంటి శరీరం రోజంతా ఖర్చు చేసేదే సుమారు 2,500 నుంచి 3,000 కేలరీలు. అంటే అతను నెలంతా పచ్చి మంచినీళ్లు మాత్రమే తాగి బతికినా అంత కొవ్వు కరగదు. అయినా “పది రోజుల్లో ఐదు కిలోలు తగ్గాను” అని చెప్పేవాళ్లు మనకు ఎదురవుతూనే ఉంటారు, వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు. మన కాలేయంలోనూ కండరాలలోనూ పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో దాదాపు అర కిలో వరకు నిలవ ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా ఉంటుంది. అన్నం మానేసిన మొదటి వారంలో త్రాసు ముల్లు అంత వేగంగా దిగడానికి ఎక్కువగా కారణం ఆ నీరే. మళ్లీ రెండు పూటలు కడుపునిండా అన్నం తింటే అది తిరిగి వచ్చేస్తుంది. కొవ్వు మాత్రం వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గితే చాలా బాగా తగ్గినట్టు.

తమ్ముడికి స్నేహితులు, ఇరుగుపొరుగువాళ్లు, ఒక ఏజెంటు ఇచ్చిన సలహాలన్నీ నేను కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. ఒకరు ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగెత్తమన్నారు. ఒకరు పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి నిమ్మరసం తప్ప ఏదీ ముట్టవద్దన్నారు. ఒకరు “నీళ్లు పోయే మాత్ర” వేసుకుంటే రాత్రికి రాత్రే రెండు కిలోలు దిగుతుందన్నారు. ఇంకొకరు ఏ లేబులూ లేని సన్నబడే పొడి ఒకటి తెచ్చి ఇచ్చారు. వీటన్నిటిలో ఉన్న ప్రమాదం ఒక ఎత్తు అయితే, ఏ రిపోర్టు బాగా రావాలని వీటిని చేస్తున్నారో అదే రిపోర్టును ఇవి చెడగొట్టడం మరో ఎత్తు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

నెల్లూరు ఎండ మీకు తెలియనిది కాదు. రోహిణి కార్తెలో గొడుగు లేకుండా బజారుకు పోవడమే కష్టమైన చోట, చెమట ఆరకుండా ప్లాస్టిక్ కప్పుకుని పరుగెత్తితే ఒంటి వేడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది, వడదెబ్బ తగులుతుంది. ఆ ప్రమాదం తప్పినా నీరు పోయిన శరీరంలో రక్తం చిక్కబడుతుంది, కిడ్నీల పనితీరును చూపే యూరియా, క్రియాటినిన్ అంకెలు పెరుగుతాయి. పరీక్షకు ముందురోజు ఒళ్లు విరిగేలా వ్యాయామం చేసినవాళ్ల మూత్రంలో ప్రొటీనూ, ఒక్కోసారి రక్తపు జాడలూ కనిపిస్తాయి. నిండా ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు జబ్బు ఉందేమోననే అనుమానాన్ని మనమే కొనితెచ్చుకున్నట్టు అవుతుంది. పస్తులున్నవాళ్ల మూత్రంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలు, వస్తాయి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ పెరుగుతుంది. నీళ్లు పోయే మాత్రలు డాక్టరు అవసరం చూసి రాసేవి. సొంతంగా వేసుకుంటే పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పడానికి అది చాలు. ఇక లేబులు లేని పొడుల మాటకు వస్తే, ఆకలి చంపే సిబుట్రమైన్ అనే మందును గుండెకు హాని చేస్తుందని మన దేశంలో 2011లోనే నిషేధించారు. అటువంటి మందులను మూలికల పొడులలో రహస్యంగా కలిపి అమ్మడం చాలా దేశాలలో బయటపడింది. ఆ పొట్లాన్ని నేను తమ్ముడి చేతిలోంచి తీసుకుని పారబోశాను.

బరువు తగ్గడానికి వారానికి ఒకసారి పొడుచుకునే కొత్త ఇంజెక్షన్ల గురించి కూడా కామెంట్లలో అడుగుతున్నారు. వాటిలో ఒకటైన టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చిలో మార్కెట్లోకి వచ్చింది. దానిని 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాల తరువాతనే మోతాదు పెంచుతారు. వాంతులు, విరేచనాలు సాధారణంగా మొదటి వారాలలోనే వస్తాయి. కాబట్టి అది నెల రోజుల్లో మెడికల్ ఉన్నవాళ్లకు తగిన దారి కాదు, డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి చేయవలసిన చికిత్స.

అసలు గల్ఫ్ మెడికల్‌లో చూసేది ఏమిటి? ఒకప్పుడు అందరూ గామ్కా అని పిలిచిన ఈ పరీక్ష ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నది. క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఇందులో ముఖ్యమైనవి. అన్‌ఫిట్ చేయడానికి కారణాలుగా చూపేవాటిలో కిడ్నీ వైఫల్యం, కాలేయ వైఫల్యం, అదుపులో లేని బీపీ, అదుపులో లేని షుగర్ ఉన్నాయి. “అదుపులో లేని” అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోండి. లావుగా ఉన్న మనిషికి సాధారణంగా చిక్కు వచ్చేది త్రాసు దగ్గర కాదు, బీపీ మిషను దగ్గర, రక్తం రిపోర్టు దగ్గర.

బరువే నేరుగా అడ్డం వచ్చే ఉద్యోగాలు లేవని నేను అనడం లేదు. మా ఉత్తర సముద్రంలో 2026 నవంబరు 1 నుంచి అమలయ్యే నియమం ప్రకారం బట్టలతో సహా 124.7 కిలోలు దాటినవాళ్లకు ఆఫ్‌షోర్, అంటే సముద్రం మీది పనికి కావలసిన మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ అంకె వెనుక ఉన్న కారణం చాలా స్పష్టమైనది. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ తాడుతో పైకి లాగగలిగే బరువు 249 కిలోలు. అందులో రక్షించడానికి దిగే మనిషికి 90.3 కిలోలు, స్ట్రెచర్‌కు 29 కిలోలు, సామగ్రికి 5 కిలోలు తీసేస్తే మిగిలేది 124.7. కొన్ని కంపెనీలు తమ సొంత పరిమితులు పెట్టుకుంటాయి. కనుక ఏజెంటు నోటిమాట మీద ఆధారపడకుండా, మీ ఆఫర్‌తో పాటు వచ్చిన మెడికల్ నిబంధనల కాగితం అడిగి తీసుకుని చదవండి. తమ్ముడి చేత నేను చేయించిన మొదటి పని అదే. అందులో బరువుకు పరిమితి ఏదీ లేదు.

కానీ ఇంట్లో మిషనుతో చూస్తే అతని బీపీ 148/94 వచ్చింది. నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరుగారిని కలిస్తే, ఆయన రక్త పరీక్షలు రాశారు. పరగడుపు షుగర్ 112, కొన్ని నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చాయి. పరగడుపున 100 నుంచి 125 వరకు, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటారు. డాక్టరుగారు మాత్రలు వెంటనే మొదలుపెట్టకుండా, ఉప్పు తగ్గించి, నడిచి, రోజూ బీపీ రాసుకుని మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు నుంచి మా లక్ష్యం బీపీ అయింది.

ఉప్పు తగ్గించమంటే మా పిన్ని “కూరలో అసలు ఉప్పే తక్కువేస్తానమ్మా” అన్నది. ఆమె చెప్పింది నిజమే. మన ఇళ్లలో ఉప్పు కూర గిన్నెలో కంటే దాని పక్కన ఎక్కువగా ఉంటుంది. మైపాడు నుంచి తెచ్చుకున్న ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, మజ్జిగలో వేసుకునే చిటికెడు, మామిడికాయ ముక్కల మీద చల్లుకునే కారం ఉప్పు అన్నీ కలిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు చాలునన్న 5 గ్రాములు మధ్యాహ్నానికే దాటిపోతాయి. అందుకని వంట మార్చకుండా పక్కన ఉన్నవాటిని మాత్రం ఎత్తి పైన పెట్టించాను. పెద్దవాళ్ల చేతివంటను తప్పుపడితే ఇంట్లో ఏ మార్పూ నిలవదు, పిన్ని తన వైపు ఉంటేనే తమ్ముడు నిలబడగలడు.

చేపల పులుసు మానలేదు. నెల్లూరులో అది మానమని చెప్పడం న్యాయమూ కాదు, అవసరమూ లేదు. నూనె తగ్గించి, మామిడికాయ వేసి వండిన పులుసులో చేప ముక్కలు రెండు ఎక్కువ వేసుకుని, అన్నం సగానికి తగ్గించాడు. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 130 కేలరీలు ఉంటాయి. ఆకలి మీద ఉన్న కుర్రవాడు ఒక పూటలో 400 గ్రాములు అలవోకగా తినేస్తాడు కాబట్టి ఆ సగం చాలా పెద్ద మార్పే. తగ్గించిన అన్నం చోట పప్పు, ఆకుకూర, పెరుగు పెరిగాయి. రాత్రి పదింటి బిర్యానీ ఆగింది, భోజనం ఎనిమిది లోపలికి వచ్చింది. రోజుకు ఐదారుసార్లు తాగే టీలలో చక్కెర మానేయడం అతనికి అన్నం తగ్గించడం కంటే కష్టమైంది. అందుకని ఒకేసారి మానలేదు, టీలు రెండుకు తగ్గించాడు. తెల్లవారుజామున ఎండ రాకముందే గంట సేపు వేగంగా నడిచాడు. అతని బరువుకు ఆ నడకలో 300 నుంచి 400 కేలరీల దాకా ఖర్చవుతాయి.

పరీక్ష దగ్గర పడేకొద్దీ కొత్తగా ఏదీ మొదలుపెట్టకుండా ఉండటమే ముఖ్యమని అతనికి పదేపదే చెప్పాను. చివరి రెండు రోజులు బరువైన వ్యాయామం లేదు, మామూలు నడక మాత్రమే, నీళ్లు ఎప్పటిలాగే. జలుబు మాత్రలలో కొన్ని, ఒళ్లు నొప్పుల మాత్రలలో చాలా బీపీని పెంచుతాయి కనుక డాక్టరును అడగకుండా వాటిని వేసుకోవద్దని చెప్పాను. డ్రగ్ టెస్ట్ ఉన్న ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు మాంసం కూరలో గసగసాలు కూడా కొన్ని రోజులు మానండి, మూత్రంలో నల్లమందు జాడలుగా అవి కనిపించవచ్చు. ఎలాగూ గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు సామానులో గసగసాలు పెట్టుకోకూడదు, అక్కడ అది నేరం.

ఇప్పటికే బీపీ మాత్రలు వాడుతున్నవాళ్లకు ఒక మాట. మెడికల్ రోజున ఒంట్లో మందు కనిపించకూడదని మాత్ర మానేసి వెళ్లేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మాత్ర వేసుకుని 130/80 ఉన్న మనిషి అదుపులో ఉన్నట్టు, మానేసి 165/100తో వెళ్లిన మనిషి అదుపులో లేనట్టు. డాక్టరు రాసిన మందుల చీటీ వెంట తీసుకెళ్లి, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చెన్నైకి తమ్ముడిని ముందురోజు మధ్యాహ్నం రైలులోనే పంపించాము. రాత్రంతా బస్సులో కూర్చుని, నిద్ర లేకుండా, స్టాండులో రెండు కాఫీలు తాగి నేరుగా క్యూలో నిలబడితే ఎవరి బీపీ అయినా పెరుగుతుంది. మిషను కట్టేముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి కూర్చోవాలి. అంతకు ముందు అరగంటలో కాఫీ, టీ, సిగరెట్ ఉండకూడదు, మూత్రానికి వెళ్లి రావాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ బీపీ చూపిస్తుంది. “సార్, పెద్ద పట్టీ ఉందా” అని మర్యాదగా అడగడం మీ హక్కు. అంకె ఎక్కువ వస్తే కొంచెంసేపు ఆగి మళ్లీ చూడమనండి. మా క్లినిక్‌లో మేము ఒక్క కొలతతో ఎవరినీ వెనక్కి పంపము.

తమ్ముడి బరువు 92 కిలోలకు దిగింది. అందులో కొంత నీరే, ఆ సంగతి అతనికీ చెప్పాను. బీపీ పై అంకె ఇంటి దగ్గర 132, 134 మధ్య నిలిచింది, చెన్నైలో 136/84 రాశారు. ఫలితం ఆన్‌లైన్‌లో ఫిట్ అని వచ్చింది. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి ఇంత తక్కువ కాలంలో దానిలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. మూడు నెలల తరువాత కువైట్‌లో మళ్లీ ఆ పరీక్ష చేయించుకుని రిపోర్టు నాకు పంపించమన్నాను, పొగతోట డాక్టరుగారి చీటీ కూడా సామానులో పెట్టించాను. మీలో ఎవరికైనా మెడికల్ తేదీ ఖాయమై ఉంటే, బరువు కంటే ముందు ఈ వారంలోనే బీపీ, పరగడుపు షుగర్, క్రియాటినిన్, మూత్రం పరీక్షలు మీ ఊళ్లోనే చేయించుకోండి. ఏదైనా తేడా ఉంటే డాక్టరును కలిసి, తేదీ కొన్ని వారాలు వాయిదా వేయించమని ఏజెంటును ఇప్పుడే అడగండి.