ఒకే సినిమా హాలు, నాలుగు పురస్కారాలు: ఉక్రెయిన్ షెవ్‌చెంకో జాతీయ పురస్కారం రివ్యూ

నమస్తే అండీ. ఈ ఛానల్లో ఇప్పటిదాకా పుస్తకాలకీ సినిమాలకీ రివ్యూలు చెప్పుకుంటూ వచ్చాం. ఈరోజు ఒక పురస్కారానికి రివ్యూ. దాన్ని ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఎవరు వద్దన్నారు, ఇచ్చిన చెయ్యి ఎవరిది, ఇవన్నీ చూస్తే పురస్కారానికి కూడా మంచీ చెడూ కనిపిస్తాయి. నేను ఎంచుకున్నది ఉక్రెయిన్‌లో అన్నిటికంటే పెద్దదైన సాంస్కృతిక గౌరవం, తారస్ షెవ్‌చెంకో జాతీయ పురస్కారం.

నాకు ఈ పేరు మొదట ఏ పుస్తకంలోనూ తగల్లేదు. మా చిన్నమ్మ కొడుకు ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివేవాడు. వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా "షెవ్‌చెంకో దగ్గర ఉన్నా అన్నా" అనేవాడు. నేను అదేదో హోటలనుకున్నాను. సుమ్‌స్కా వీధి పక్కన పార్కులో ఉన్న పెద్ద విగ్రహం అది, మన పిల్లలు సాయంత్రం కలుసుకునే చోటు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక వాడు ఆపరేషన్ గంగ విమానంలో ఇంటికొచ్చాడు. తర్వాత కొద్ది రోజులకు ఒక ఫొటో తెచ్చి చూపించాడు. ఆ విగ్రహం చుట్టూ కింద నుంచి పైదాకా ఇసుక బస్తాలు పేర్చేశారు. బాంబులు పడుతున్న ఊళ్లో, మనుషులకే చోటు చాలని సమయంలో, ఒక కవి విగ్రహాన్ని ఇంత జాగ్రత్తగా ఎందుకు దాచుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే ఈ పురస్కారం దగ్గర తేలాను.

ముందు ఆ కవి గురించి. షెవ్‌చెంకో 1814 మార్చి 9న పుట్టాడు. పుట్టుకతోనే భూస్వామి సొత్తు. గొడ్డూ గోదాలాగే మనిషిని కూడా లెక్కలో రాసుకునే రోజులవి. కుర్రవాడు బొమ్మలు బాగా వేస్తున్నాడని పీటర్స్‌బర్గ్ కళాకారులు చూశారు. బ్ర్యుల్లోవ్ అనే చిత్రకారుడు కవి జుకోవ్‌స్కీ బొమ్మ వేశాడు, దాన్ని లాటరీలో పెట్టారు. వచ్చిన 2,500 రూబుళ్లు భూస్వామికి కట్టి 1838లో ఇతన్ని విడిపించారు. ఒక బొమ్మ ఖరీదు, ఒక మనిషి స్వేచ్ఛ. రెండేళ్లకే, 1840లో, 'కొబ్జార్' అనే కవితల పుస్తకం వచ్చింది. పల్లెల్లో వాడే ఉక్రెయిన్ భాష అందులో తలెత్తుకుని నిలబడింది. 1847లో జార్ నికొలాయ్ ఇతన్ని సిపాయిగా దూర ప్రాంతానికి పంపించేశాడు. రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని ప్రత్యేకంగా ఆజ్ఞ. ఇతను చిన్న చిన్న కాగితాల పుస్తకాలు కుట్టుకుని బూటు లోపల దాచుకుని రాశాడు. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి గారు గుర్తొస్తారు కదా, అదే పట్టుదల. నలభై ఏడేళ్ల బతుకులో ఇరవై నాలుగేళ్లు వెట్టిలో, పదేళ్లు శిక్షలో పోయాయి. పుట్టినరోజు మర్నాడే, 1861 మార్చి 10న, పోయాడు.

ఇలాంటి మనిషి పేరు మీద పురస్కారం పెట్టింది ఎవరనుకున్నారు? సోవియట్ ప్రభుత్వం. కవి చనిపోయి వందేళ్లు నిండిన సందర్భంగా 1961లో ప్రకటించి, 1962లో మొదటిసారి ఇచ్చారు. నాకు ఈ కథ మొత్తంలో ఆసక్తి పుట్టించిన చిక్కుముడి ఇదే. రాయొద్దని రాజు శాసిస్తే రాసిన వాడి పేరుతో, ఏం రాయాలో తానే చెప్పే ప్రభుత్వం బహుమతి ఇస్తుంది. మొదటి ముగ్గురు కవి పావ్లో తిచీనా, నవలా రచయిత ఒలెస్ హోంచార్, సంగీతకర్త ప్లతోన్ మైబొరోదా. తిచీనా యవ్వనంలో అద్భుతమైన కవి, తర్వాత ప్రభుత్వాన్ని పొగుడుతూ రాసినవాడు. హోంచార్ సంగతి ఇంకా విచిత్రం. 1962లో పురస్కారం ఇచ్చిన చేతులే, 1968లో ఆయన ఒక పాత గుడి గురించి నవల రాస్తే దాని మీద విరుచుకుపడ్డాయి. ఆ నవల దాదాపు ఇరవై ఏళ్లు మళ్లీ అచ్చు కాలేదు.

అయితే ఆ రోజుల్లో కూడా మంచి ఎంపికలు జరగలేదని కాదు. 1966లో మరియా ప్రిమచెంకోకు ఇచ్చారు. కీవ్ దగ్గర బొలొత్న్యా అనే పల్లెలో ఉన్న ఆవిడ పెద్దగా చదువుకోలేదు, చిత్రకళా విద్యాలయాల్లో నేర్చుకోలేదు. పూలు, పక్షులు, ఎక్కడా లేని వింత జంతువులు, కళ్లు పెద్దవి చేసుకుని మనవైపు చూస్తుంటాయి. ఒక్కసారి వెతికి చూడండి, మనసు తేలికపడుతుంది. 2022 ఫిబ్రవరి చివర్లో ఇవాన్‌కివ్ పట్నంలో ఆవిడ బొమ్మలున్న మ్యూజియం దాడిలో తగలబడింది. మంటల్లోకి వెళ్లి కొన్ని బొమ్మలు బయటికి మోసుకొచ్చింది ఆ ఊరివాళ్లే.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఈ వీడియో చేయడానికి కారణం ఇదే.

1965 సెప్టెంబర్ 4. కీవ్‌లో 'ఉక్రాయీనా' అనే సినిమా హాలు. పరజానోవ్ తీసిన 'మరచిన పూర్వీకుల నీడలు' మొదటి ప్రదర్శన. పరజానోవ్ పుట్టింది త్బిలిసిలో, జాతికి ఆర్మేనియన్. కానీ ఈ సినిమా కార్పాతియన్ కొండల్లోని హుత్సుల్ జనం గురించి, వాళ్ల యాసలోనే తీశాడు. రష్యన్‌లోకి డబ్బింగ్ చేయమంటే ఒప్పుకోలేదు.

హాలు నిండా జనం. ఆ ఎండాకాలం చివర్లో ఉక్రెయిన్ రచయితల్ని, విద్యావంతుల్ని చప్పుడు కాకుండా అరెస్టు చేస్తున్నారు. పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. సినిమా బృందానికి పూలు ఇచ్చే వంకతో ఒకాయన వేదిక ఎక్కాడు, విమర్శకుడు ఇవాన్ డ్జ్యూబా. మైకులో అరెస్టుల సంగతి చెప్పేశాడు. హాలు వాళ్లు ఆయన్ని పక్కకు లాగేయబోయారు. కింద కూర్చున్న కుర్రాళ్లు, విలేకరి వ్యాచెస్లావ్ చొర్నొవిల్, కవి వాసిల్ స్తూస్, నియంతృత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు లేచి నిలబడండని గట్టిగా కేకవేశారు. కొందరు లేచారు. చాలామంది లేవలేదు. వాళ్లని తప్పు పట్టే హక్కు నాకు లేదు. నేను ఆ సీట్లో ఉంటే లేచేవాడినా అని చాలాసార్లు ఆలోచించాను.

తర్వాత ఏమైందో చూడండి. డ్జ్యూబా ఉద్యోగం పోయింది. చొర్నొవిల్ ఉద్యోగం పోయింది. స్తూస్‌ని పరిశోధన విద్యార్థిగా ఉన్న సంస్థ నుంచి తీసేశారు. చొర్నొవిల్ అరెస్టయిన ఇరవై మంది వివరాలు ఒక్కొక్కటిగా సేకరించి, వాళ్ల ఉత్తరాలు, రాతలు అన్నీ కలిపి పుస్తకం చేశాడు. అది 1967లో పారిస్‌లో అచ్చయింది, ఆయన ఉక్రెయిన్‌లో జైలుకు వెళ్లాడు. ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ. డ్జ్యూబాకు 1973లో ఐదేళ్ల శిక్ష వేశారు. ఒంట్లో బాగాలేదు, ఒత్తిడి భరించలేక క్షమాపణ పత్రం రాసిచ్చి బయటికొచ్చాడు. దాని బరువు తర్వాత ఆయన్ని వదల్లేదు. పరజానోవ్‌ని కూడా 1973లో జైల్లో పెట్టారు. స్తూస్‌ని 1972లో ఒకసారి, 1980లో మరోసారి శిక్షించారు. పెర్మ్ ప్రాంతంలోని శిబిరంలో ఉండగా 1985 సెప్టెంబర్ 4న చనిపోయాడు. తారీఖు గమనించారా? ఆ సినిమా హాల్లో లేచి నిలబడిన రోజుకి సరిగ్గా ఇరవై ఏళ్లు.

ఇక 1991 పురస్కారాల జాబితా చూడండి. 'మరచిన పూర్వీకుల నీడలు' సినిమాకు షెవ్‌చెంకో పురస్కారం. పరజానోవ్ అప్పటికి ఏడాది ముందే పోయాడు. అదే ఏడాది ఇవాన్ డ్జ్యూబాకు. అదే ఏడాది వాసిల్ స్తూస్‌కు, మరణానంతరం. తర్వాత 1996లో చొర్నొవిల్‌కు, పాత్రికేయ రచనలకు. ఒక సాయంత్రం, ఒక హాలు. తెర మీదున్న సినిమాకీ, వేదిక ఎక్కినవాడికీ, కింద లేచి నిలబడిన ఇద్దరికీ, నలుగురికీ అదే పురస్కారం. అంతేకాదు, డ్జ్యూబా తర్వాత కొన్నేళ్లు ఈ పురస్కార కమిటీకే అధ్యక్షుడయ్యాడు.

ఈ జాబితా మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కాసేపటికి కోపం కూడా వచ్చింది. స్తూస్ రాసిన కవితలకు 1991లో గౌరవం దక్కిందంటే, ఆ కవితలు 1975లో కూడా అంతే బావున్నాయి కదా! అప్పుడు వాటిని శిబిరంలో జప్తు చేశారు. అందుకే ఈ పురస్కారం మీద నా మొదటి ఫిర్యాదు ఆలస్యం. చనిపోయినవాళ్ల ఇంటికి పతకం పంపడం అప్పు తీర్చడం లాంటిది. తీర్చడం మంచిదే, కానీ అప్పిచ్చిన మనిషి లేడు.

రెండో ఫిర్యాదు సంతకం. కమిటీ ఎంపిక చేస్తుంది, కానీ చివరికి ఇచ్చేది దేశాధ్యక్షుడి ఉత్తర్వు. సాహిత్యం, సంగీతం, నాటకం, సినిమా, చిత్రకళ, పాత్రికేయం, ఏ విభాగమైనా అంతే. దీనివల్ల వచ్చిన ఇబ్బంది 2011లో బయటపడింది. వాసిల్ ష్క్ల్యార్ అనే రచయిత, 1920లలో సోవియట్ సైన్యం మీద తిరగబడిన రైతుల గురించి నవల రాశాడు. కమిటీ ఎంపిక చేసింది. అప్పటి విద్యాశాఖ మంత్రి తబాచ్నిక్ ఉక్రెయిన్ భాషకు వ్యతిరేకి అని ష్క్ల్యార్ అభిప్రాయం. ఆ మంత్రి పదవిలో ఉన్నంతకాలం నాకీ పురస్కారం వద్దు, వాయిదా వేయండి అని అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. అధ్యక్షుడి ఉత్తర్వులో ఆయన పేరు లేదు. వద్దనగలిగిన రచయిత ఉండడం ఆ పురస్కారానికి పరువే. కానీ అలా వద్దనాల్సిన పరిస్థితి రావడం మంచి లక్షణం కాదు.

ఆలస్యం గురించి చెప్పాను కాబట్టి, ఆలస్యం చేయని సందర్భం కూడా చెప్పాలి. స్తానిస్లావ్ అసేయెవ్ దొనెత్స్క్ ప్రాంతం వాడు. 2014లో ఆ ప్రాంతం రష్యా అనుకూల సాయుధుల చేతికి పోయాక, స్నేహితులు వెళ్లిపోతున్నా అక్కడే ఉండిపోయి, మారుపేరుతో బయటి పత్రికలకు రాశాడు. బజార్లో ఏం మాట్లాడుకుంటున్నారు, ఎవరు ఎందుకు నమ్ముతున్నారు, భయం ఎలా అలవాటవుతుంది, ఇలాంటివి. 2017లో పట్టుకున్నారు. ఆయన్ని ఎక్కువ కాలం ఉంచిన రహస్య జైలు పేరు 'ఇజొల్యాత్సియా'. అది ఒకప్పుడు ఇన్సులేషన్ సామాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. 2010లో దాన్ని కళాకేంద్రంగా మార్చారు, ప్రదర్శనలు, శిల్పాలు పెట్టారు. 2014లో సాయుధులు ఆక్రమించి జైలు చేశారు. బొమ్మలు వేలాడదీసిన గోడల మధ్యే మనుషుల్ని హింసించారు.

ఆయన లోపల ఉండగానే ఆ వ్యాసాలు 'ఒంటరి నిర్బంధంలో' అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వచ్చాయి. 2019 డిసెంబర్‌లో ఖైదీల మార్పిడిలో విడుదలయ్యాడు. 2021లో ఆ పుస్తకానికి షెవ్‌చెంకో పురస్కారం వచ్చింది, పాత్రికేయ విభాగంలో. ఈసారి మనిషి బతికుండగా, వయసులో ఉండగా అందింది. 1965లో హాల్లో నిలబడిన విలేకరికి ముప్పై ఏళ్లు పట్టింది, ఇతనికి విడుదలయ్యాక రెండేళ్లు కూడా పట్టలేదు. ఇలా మారగలిగింది కాబట్టే నాకీ పురస్కారం మీద గౌరవం నిలబడింది. పత్రికా రచనను కవిత్వం పక్కన, సంగీతం పక్కన అదే బల్ల మీద కూర్చోబెట్టడం కూడా నాకు చాలా నచ్చింది. మన దగ్గర విలేకరి రాత మర్నాటికి పొట్లాం కాగితమే అనుకుంటాం. వీళ్లు అలా అనుకోలేదు.

2024లో కవిత్వానికి తీసుకున్నవాళ్లలో యారినా చొర్నొహుజ్ ఉంది. ఆమె సైన్యంలో మెరీన్ దళంలో ఉండి, గాయపడినవాళ్లకు ముందు వరసలో వైద్యం చేసిన మనిషి. కందకంలోంచి వచ్చిన కవిత్వం అంటే నినాదాలుంటాయని నేను భయపడ్డాను. అనువాదంలో దొరికిన కొన్ని చదివాను. ఆశ్చర్యంగా చాలా నెమ్మదైన గొంతు.

ఇక రేటింగ్ అడుగుతారు. నేను నక్షత్రాలు ఇవ్వను. సోవియట్ రోజుల ఎంపికల్ని జల్లెడ పట్టి చదవాలి, ఆ కాలంలో పురస్కారం వచ్చిందని ప్రతి పుస్తకాన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1987లో లీనా కొస్తెంకోకు ఇచ్చిన దగ్గర్నుంచి జాబితా చూడండి. పదహారేళ్ల పాటు కవితా సంపుటి అచ్చు కాని కవయిత్రి ఆవిడ. అక్కణ్నుంచి దారి బావుంటుంది.

మొదలుపెట్టాలంటే సినిమాతో పెట్టండి, సబ్‌టైటిల్స్‌తో దొరుకుతుంది. కథ మనకు కొత్తేమీ కాదు, పగబట్టిన రెండు కుటుంబాల పిల్లల ప్రేమ. కానీ కెమెరా చెట్టుతో పాటు కూలుతుంది, గుర్రాలు ఎర్రగా ఆకాశంలో దూకుతాయి. పెద్ద స్క్రీన్ మీద, లైట్లార్పేసి చూడండి. పేర్లు పడే ముందు ఒక్క నిమిషం, పూలు పట్టుకుని వేదిక మెట్లెక్కిన ఇవాన్ డ్జ్యూబాని తలచుకోండి. ఆయన తొంభై ఏళ్లు బతికి, 2022 ఫిబ్రవరి 22న కీవ్‌లో కన్నుమూశాడు. రెండు రోజుల తర్వాత ఆ ఊరి మీద క్షిపణులు పడ్డాయి.

వచ్చే వీడియోలో అసేయెవ్ పుస్తకం ఒక్కదాని గురించే మాట్లాడతాను. ఈలోగా మీలో ఎవరైనా ఖార్కివ్‌లోనో, విన్నిత్స్యాలోనో, జపొరీజ్యాలోనో చదువుకుని వచ్చినవాళ్లుంటే, మీ కాలేజీ దగ్గర షెవ్‌చెంకో విగ్రహం ఎక్కడుండేదో కింద రాయండి. మా తమ్ముడు అడగమన్నాడు.