లేని పేరును ఎంతసేపు వెతకాలి?

అందరికీ నమస్కారం.

సాంబా గురించి మీలో చాలామందికి తెలుసు. లినక్స్ మెషీన్‌లో ఉన్న ఫోల్డర్‌ని విండోస్ కంప్యూటర్లకు షేర్ చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టారు. నేనివాళ ఫైల్ దాకా వెళ్లను. రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి 'అకౌంట్స్' అని టైప్ చేస్తాం కదా, ఆ పేరు ఏ ఐపీ అడ్రస్‌దో (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కుండే నంబరు) తేల్చే కోడ్ గురించే మాట్లాడతాను. అందులో పెద్ద భాగం నేమ్‌క్వెరీ డాట్ సి అనే ఫైల్లో ఉంటుంది.

"సర్వర్ స్లోగా ఉందండీ" అని ఎవరైనా అంటే నేను ముందు డిస్క్‌ని అనుమానించను. క్లిక్ చేశాక పది సెకన్లు ఏమీ జరగక, ఆ తర్వాత ఫోల్డర్ టక్కున తెరుచుకుని, కాపీ కూడా చకచకా అయిపోతుంటే, ఆ పది సెకన్లూ చాలాసార్లు ఎక్కడో జవాబు రాని ప్రశ్న దగ్గర పోయినవే.

సాంబా పేరును నాలుగు చోట్ల వెతుకుతుంది. మామూలుగా ముందు పేర్లూ అడ్రసులూ రాసిపెట్టుకునే ఎల్ఎంహోస్ట్స్ ఫైల్, తర్వాత పాత విండోస్ పేర్ల జాబితా ఉంచే విన్స్ సర్వర్, తర్వాత ఇంటర్నెట్ పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్, చివరికి నెట్‌వర్క్‌లో అందరినీ ఒకేసారి అడిగే బ్రాడ్‌కాస్ట్. డీఎన్ఎస్ సర్వర్ బతికుంటే "అలాంటి పేరు లేదు" అని ముఖం మీదే చెప్పేస్తుంది. విన్స్ కూడా అంతే. బ్రాడ్‌కాస్ట్ అలా కాదు. పెళ్లి హాల్లో "సుబ్బారావు గారెవరండీ?" అని అరిస్తే, సుబ్బారావు కానివాళ్లెవరూ లేచి "నేను కాదు" అనరు. ఎవరూ పలకకపోవడమే అక్కడ 'లేదు' అన్న జవాబు. మెషీన్లు ఇలా పేర్లతో పిలుచుకునే పాత పద్ధతి పేరు నెట్‌బయాస్. 1987 నాటి నెట్‌బయాస్ ప్రమాణం దీనికి 250 మిల్లీసెకన్ల గడువు పెట్టి, మూడుసార్లు అడగమంది. విన్స్‌లాంటి సర్వర్‌ని నేరుగా అడిగేటప్పుడు ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు. ఎప్పుడో తీసేసిన విన్స్ సర్వర్ అడ్రస్ సెట్టింగ్స్‌లో మిగిలిపోతే ఎంత ఆలస్యమో మీరే లెక్కేసుకోండి. అందుకే సాంబా, పలకని విన్స్ సర్వర్‌ని గుర్తుపెట్టుకుని కొంతసేపు దాని జోలికి పోదు.

ఈ ప్రశ్నను మోసుకెళ్లే ఒక ప్యాకెట్‌ని దగ్గరగా చూద్దాం. నెట్‌బయాస్ పేరు 16 బైట్లు: 15 పేరుకి, చివరిది రకానికి. ఫైల్ సర్వర్ రకం హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) 20. ప్రతి బైట్‌నీ రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో అక్షరంగా పంపుతారు. ఇంగ్లీషు 'ఏ' అక్షరం 'ఈబీ' అవుతుంది, ఖాళీ స్థలం, అంటే హెక్సా 20, 'సీఏ' అవుతుంది. 'అకౌంట్స్'కి ఇంగ్లీషులో 8 అక్షరాలు, ఖాళీలు 7, రకం బైట్ కూడా హెక్సా 20 కాబట్టి అదీ 'సీఏ'నే. అందుకని ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్‌లో ఆ పేరు చివర ఎనిమిది సీఏలు బారులు తీరి కనిపిస్తారు. అకౌంట్స్ సర్వర్ కదా, ఉండాల్సినవాళ్లే!

ఇక బాగుచేయడం సంగతి. పాత కోడ్ అడ్రస్ అంటే నాలుగు బైట్లే అనుకుని రాసింది. పేరిస్తే అడ్రస్ చెప్పే పాత గెట్‌హోస్ట్‌బైనేమ్ ఫంక్షన్ వాడినంతకాలం అది నడిచింది. 2008లో వచ్చిన 3.2 వెర్షన్‌తో ఐపీవీ6, అంటే ఇంకా పొడవైన కొత్త రకం అడ్రసులు, వచ్చింది. రెండు రకాల అడ్రసులూ ఇచ్చే గెట్‌అడ్రిన్ఫో వైపు మారాలి, అడ్రస్ పట్టే ప్రతి స్ట్రక్చర్‌నీ పెంచాలి. ఓపిక కావాల్సిన పని, మెప్పు రాని పని.

నాకు ఎక్కువ నచ్చిన మార్పు మరొకటి. ఆఫీసు యూజర్లనీ కంప్యూటర్లనీ ఒకచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో, లాగిన్లు చూసే సర్వర్లయిన డొమైన్ కంట్రోలర్లను డీఎన్ఎస్‌లో ఎస్ఆర్‌వీ రికార్డుతో (ఒక సేవను ఏ సర్వర్లు ఇస్తాయో చెప్పేది) వెతుకుతారు. జవాబుతోపాటే అడ్రసులూ వస్తే గొడవ లేదు. రాకపోతే ఒక్కో పేరుకీ ఐపీవీ4 ఒకసారి, ఐపీవీ6 ఒకసారి అడగాలి. 20 కంట్రోలర్లుంటే 40 ప్రశ్నలు. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే, మధ్యలో ఒక్కటి ఇరుక్కున్నా వెనకున్నవన్నీ ఆగుతాయి. ఇప్పుడు అన్నీ ఒకేసారి పంపేసి, గడువులోగా వచ్చినవాటితో ముందుకెళ్తారు. ఆ గడువు మామూలుగా 10 సెకన్లు, మార్చుకోవచ్చు, 1 కంటే తగ్గదు. అన్ని జవాబులూ రావాలన్న పట్టుదల వదిలేయడమే ఇక్కడ అసలైన మెరుగుదల. లాగిన్ అవడానికి ఒక్క కంట్రోలర్ దొరికితే చాలు కదా.

"పాత నెట్‌బయాస్ కోడ్ మొత్తం పీకేయొచ్చుగా?" అని అడుగుతారు. నిజమే, అది ప్రమాదమూ తెచ్చింది. 2014 ఆగస్టులో ఎన్ఎంబీడీలో, అంటే సాంబాలో నెట్‌బయాస్ పేర్లు చూసుకునే ప్రోగ్రామ్‌లో, ఒక లోపాన్ని సరిదిద్దారు. ఒక మాక్రోలో పొడవు తప్పుగా ఉండటంతో, బయటినుంచి వచ్చిన ప్యాకెట్ మెమరీని చెరిపేసే వీలుండేది. అయినా పాత స్కానర్లు, పాత మెషీన్లు ఇంకా ఆ పేర్లతోనే పిలుస్తున్నాయి. నా మాట: కోడ్ ఉండనివ్వండి, అవసరం లేనిచోట సాంబా సెట్టింగ్స్‌లో 'డిజేబుల్ నెట్‌బయాస్' పెట్టండి.

ప్యాచ్ (కోడ్‌కి సవరణ) పంపాలనుకునేవాళ్లకు: సాంబా టీమ్‌లో ఇద్దరు చూసి ఒప్పుకుంటేనే కోడ్ లోపలికి వెళ్తుంది, టెస్ట్ కూడా అడుగుతారు. నిజమైన డీఎన్ఎస్ అక్కర్లేకుండా టెస్ట్ చేయడానికి రిజాల్వ్ ర్యాపర్ ఉంది. అంతకంటే ముందు ఒక పని చేయండి. షేర్ చేసిన ఫోల్డర్లను తెరిచే సాంబా కమాండ్ ఎస్ఎంబీక్లయింట్‌ని డీబగ్ లెవెల్ 3తో నడుపుతూ, మీ నెట్‌వర్క్‌లో ఎవరికీ లేని పేరొకటి ఇవ్వండి. ఏ పద్ధతిలో వెతుకుతోందో లైన్ తర్వాత లైన్ వస్తుంది. ఎక్కడ ఆగిందో ఆ లైన్‌లోనే ఫంక్షన్ పేరుంటుంది. నేమ్‌క్వెరీ డాట్ సి చదవడం అక్కడ మొదలుపెట్టండి.